"నన్ను వాడుకో ప్రభువా" అని అడగడం ఆగిపోయిన ఏడాది

నేను చర్చి క్వయర్‌లో 21 ఏళ్లు పాడాను. అందులో చివరి తొమ్మిదేళ్లు లీడ్ నేనే. ఇది గొప్ప కోసం చెప్పట్లేదు, తర్వాత జరిగింది అర్థం కావాలంటే ముందు ఈ మాట చెప్పాలి కాబట్టి చెప్తున్నా.

గొంతు బొంగురుపోతుంటే మొదట్లో జలుబు అనుకున్నాను, నెల దాటాక అలసట అనుకున్నాను, రెండు నెలలయ్యాక హై నోట్ దగ్గర గొంతు పూర్తిగా మూసుకుపోవడం మొదలైంది. ఆరాధన మధ్యలో నోరు తెరిస్తే గాలి మాత్రమే వచ్చింది, వెనక ఉన్న పిల్లలు అందుకుని లాక్కెళ్లారు. డాక్టర్ కెమెరా పెట్టి చూసి వోకల్ కార్డ్ మీద పాలిప్ ఉంది, అంటే చిన్న కండలాంటిది, తీసేయాలి అన్నారు. తీసేశారు. ఆపరేషన్ తర్వాత వారం రోజులు ఒక్క మాట కూడా మాట్లాడొద్దు, గుసగుసగా కూడా వద్దు, ఆ తర్వాత కొన్ని నెలలు అవసరమైనంత మేరకే అని చెప్పారు. అందరూ మంచిగానే చూసుకున్నారు, ఎవరి తప్పూ లేదు. కానీ పాత గొంతు మాత్రం తిరిగి రాలేదు. మాట్లాడగలను, కింది స్థాయిలో కాస్త కూనిరాగం తీయగలను, అంతే.

ఆ వారం రోజులూ ఇంట్లో మాట్లాడటానికి ఒక పాత లాంగ్ నోట్‌బుక్ పెట్టుకున్నాను. "మోటర్ కట్టేయ్", "వద్దు", "తలుపు ఎవరో కొడుతున్నారు", "ఏడవట్లేదు, కళ్లు మండుతున్నాయి" ఇలాంటివి. ఈ నోట్‌బుక్ గురించి మళ్లీ చెప్తాను, దీని వెనకవైపు పేజీల్లోనే అసలు కథంతా ఉంది.

ముందుగా నాకు తగిలిన దెబ్బ ఏంటంటే ప్రార్థన. మా సంఘంలో గట్టిగా ప్రార్థన చేయడం అలవాటు, నాకైతే నోరు తెరవకుండా ప్రార్థన ఎలా చేస్తారో కూడా తెలీదు. మోకాళ్ల మీద కూర్చుని నోరు మూసుకుంటే నాలుగో నిమిషానికి మనసు ఎటో వెళ్లిపోయేది. పైగా ఆ నాలుగు నిమిషాల్లో ఎప్పుడూ ఒకటే వాక్యం లోపల తిరిగేది, నన్ను వాడుకో ప్రభువా, నన్ను వాడుకో. 21 ఏళ్లుగా ప్రతి పాటకి ముందు కళ్లు మూసుకుని అడిగిన మాట అదే కదా. ఇప్పుడు అదే మాట అంటుంటే దేనికి వాడుకుంటాడు, ఏముందని వాడుకుంటాడు అని లోపల్నుంచే జవాబొచ్చేది.

మూడు నెలల తర్వాత చర్చికి వెళ్లి మొదటిసారి వెనక వరసలో కూర్చున్నాను. నా మైక్ దగ్గర ఒక అమ్మాయి నిలబడింది, 22 ఏళ్లుంటాయి, నేను నేర్పిన పిల్లే. బాగా పాడింది. నిజం చెప్పాలంటే అదే నాకు కష్టమైంది, కాస్త తప్పుగా పాడి ఉంటే ఆ రోజు హాయిగా ఇంటికి వెళ్లేదాన్ని. తర్వాత మూడు ఆదివారాలు తలనొప్పి అని చెప్పి మానేశాను.

నాలుగో వారం పాస్టరమ్మగారు ఇంటికొచ్చారు. ఎవరైనా వస్తే చెప్పే మాటలుంటాయి కదా, దేవుడు ఒక తలుపు మూస్తే ఇంకోటి తెరుస్తాడు, నీకోసం ఇంకా గొప్ప పరిచర్య దాచిపెట్టాడు, ఇలాంటివి. అప్పటికే ఓ ఇరవై మంది చెప్పారు. ఆవిడ అవేవీ అనలేదు. నేనే అన్నాను, అమ్మగారూ యెషయా 43:4 నాకు పంపినవాళ్లే పదిమంది ఉంటారు, "నీవు నా దృష్టికి ప్రియుడవైనందున ఘనుడవైతివి", పువ్వుల బొమ్మ మీద రాసి పంపుతారు, చదివినా నాకేమీ అనిపించట్లేదు అని. ఆవిడ కాసేపు ఊరుకుని, "ఆ ఒక్క వచనమే ఎందుకు చదువుతావు తల్లీ, ముందు అధ్యాయం చివర నుంచి మొదలుపెట్టి 43 అయిపోయేదాకా చదువు, చదివాక కోపం వస్తే నాకు ఫోన్ చెయ్" అన్నారు. నేను గొంతు చూపించాను. "సరే, మెసేజ్ పెట్టు" అని నవ్వి వెళ్లిపోయారు.

చదివాను. 42వ అధ్యాయం చివర దేవుడు తన జనాన్ని తిడుతున్నాడు, ఇంకో మాట లేదు దానికి. "నా దాసుడు తప్ప మరి ఎవడు గ్రుడ్డివాడు?" అంటాడు. చెవులున్నా వినరు, మంటలు చుట్టుముట్టినా మనసు పెట్టరు అంటాడు. ఇంత జరిగాక తర్వాతి మాట ఏముండాలి, ఇక మీ దారి మీది అని ఉండాలి. దానికి బదులు 43వ అధ్యాయం మొదలవడమే భయపడకుము, విమోచించాను, పేరుపెట్టి పిలిచాను, "నీవు నా సొత్తు" అని మొదలవుతుంది. మధ్యలో వాళ్లు మారిన సూచన ఎక్కడా లేదు, ఒక్క పశ్చాత్తాప ప్రార్థన కూడా లేదు, నేను రెండుసార్లు వెనక్కి వెళ్లి వెతికాను. నాలుగో వచనంలో ఆ పువ్వుల బొమ్మ మాట వస్తుంది. సరే ఇక్కడినుంచైనా అంతా తియ్యగా ఉంటుందా అంటే, 22వ వచనం కల్లా మళ్లీ మొదలు, నువ్వు నాకు మొరపెట్టలేదు, నా విషయంలో విసిగిపోయావు, నీ దోషాలతో నన్ను ఆయాసపెట్టావు అని.

అంటే ఆ "ప్రియుడవు" అనే మాట అటు తిట్లు ఇటు తిట్లు మధ్యలో కూర్చుని ఉంది. నాకు కోపం రాలేదు కానీ వింతగా అనిపించింది. గుడ్డి, చెవిటి, విసిగిపోయిన సేవకుడు అని ఆయనే అంటున్నాడు, మళ్లీ ఆయనే నా దృష్టికి ప్రియుడవు అంటున్నాడు. ఈ సేవకుడి వల్ల ఆ సమయానికి ఏ పనీ జరగట్లేదు. బబులోను చెరలో ఉన్న జనం, మందిరం లేదు, బలిపీఠం లేదు, పాటలు కూడా లేవు, కీర్తన 137లో సితారాలు చెట్లకి తగిలించేశారు కదా. ఆ సితారాల దగ్గర ఆగాను. క్వయర్ మూతపడిన రోజులన్నమాట.

ఆ రాత్రి నోట్‌బుక్ తిప్పి వెనకవైపు మొదటి పేజీలో ఆ వచనాలు రాసుకున్నాను. అప్పటినుంచి అదే అలవాటైంది, ముందువైపు నుంచి ఇంట్లో మాటలు, వెనకవైపు నుంచి వాక్యాలు. మాట్లాడలేని మనిషికి రాయడమే ప్రార్థన అయిపోయింది, దాన్ని ప్లాన్ చేసి మొదలుపెట్టలేదు.

తర్వాత ఆ "సొత్తు" అనే మాట పట్టుకున్నాను. నాకు హీబ్రూ రాదు, ఒక మాట బైబిల్‌లో ఎక్కడెక్కడ వస్తుందో చూపించే కంకార్డెన్స్ యాప్ ఫోన్‌లో ఉంటే చాలు ఎవరైనా చేయొచ్చు. మన తెలుగు బైబిల్‌లో "స్వకీయ సంపాద్యము" అని ఉంటుందే, నిర్గమ 19:5లో, మలాకీ 3:17లో, ఆ చోట్ల హీబ్రూలో సెగుల్లా అనే మాట ఉంది. పాత నిబంధన మొత్తంలో ఆ మాట 8 సార్లే వస్తుంది. ఆరుసార్లు దేవుని ప్రజల గురించి. మిగతా రెండుసార్లు మామూలు అర్థంలో, రాజుల డబ్బు గురించి. ఆ రెండే నాకు ఎక్కువ ఉపయోగపడ్డాయి. ఒకటి ప్రసంగి 2:8, రాజుల సంపద. రెండోది 1 దినవృత్తాంతములు 29:3, దావీదు రాజు మందిరం కోసం ఇస్తూ చెప్పే మాట. మందిరం పని కోసమని అప్పటికే చాలా పోగుచేసి ఉంచాడు, అది కాకుండా "నా స్వంతమైన బంగారమును వెండిని" ఇస్తున్నాను అంటాడు. ఆ స్వంతమైనది అన్నచోట ఉన్నది సెగుల్లా. రాజు కింద ఉన్నదంతా ఒక లెక్కకి రాజుదే, కానీ తనదంటూ విడిగా పెట్టుకున్నది ఒకటుంటుంది. నిర్గమ 19:5లో కూడా అదే లెక్క, సమస్త భూమి నాదే, అయినా మీరు నాకు స్వకీయ సంపాద్యం అంటాడు.

ఇది చదివినప్పుడు నాకు తట్టింది చాలా చిన్న విషయం. వాడుకునేవి వేరు, దాచుకునేవి వేరు. పనిముట్టుని వాడుకుంటాం, అది విరిగితే కొత్తది తెచ్చుకుంటాం. దాచుకున్నదాన్ని పనికొస్తుందా లేదా అని ఎవరూ అడగరు, దాచుకున్నారంతే. నేనేమో 21 ఏళ్లుగా దేవుడి దగ్గర పనిముట్టుగా నిలబడి, బాగా పనిచేస్తున్నాను కాబట్టి నన్ను ప్రేమిస్తున్నాడు అనుకున్నాను. పనిముట్టు విరిగింది, ఇక నా చోటు ఎక్కడ అన్నది నా బాధ. వాడుకోమని అడగడం తప్పని అనట్లేదు, యెషయా కూడా నన్ను పంపు అన్నాడు. కానీ నా ప్రార్థన మొత్తం అదే అయిపోయింది, దాని కింద ఏముందో నేను ఎప్పుడూ చూసుకోలేదు.

అయితే ఇక్కడే ఒక ముల్లు గుచ్చుకుంది, దాన్ని దాటేసి రాస్తే అబద్ధం అవుతుంది. నిర్గమ 19:5లో "నడిచినయెడల" అని ఉంది. నా మాట విని నిబంధన ప్రకారం నడిస్తే అప్పుడు మీరు స్వకీయ సంపాద్యం. చూశావా, ఇక్కడ కూడా కండిషన్ ఉంది, ఇక్కడ కూడా పనే అనిపించి రెండు వారాలు నోట్‌బుక్ వెనకవైపు తెరవలేదు.

మళ్లీ తెరిచింది ద్వితీయోపదేశకాండం 7 చదివాక. అక్కడ ఏడో వచనంలో మోషే, మీరు విస్తారజనమని యెహోవా మిమ్మల్ని ప్రేమించలేదు, "సమస్తజనములకంటె మీరు లెక్కకు తక్కువేగదా" అంటాడు. మరి ఎందుకు ఏర్పరచుకున్నాడు అంటే తర్వాతి వచనం, ప్రేమించాడు కాబట్టి, పితరులకు మాట ఇచ్చాడు కాబట్టి. ప్రేమించాడు కాబట్టి ప్రేమించాడు. లాజిక్ గుండ్రంగా తిరిగి మొదటికే వస్తుంది, దాని వెనక ఇంకో కారణం దొరకదు. పైగా నిర్గమంలో ఆ "నడిచినయెడల" అనే ముందు వచనంలోనే, గద్ద రెక్కల మీద మిమ్మల్ని మోసి నా దగ్గరికి తెచ్చుకున్నాను అని ఉంది. మోయడం అయిపోయింది, ఆ తర్వాత నడవమన్నాడు. ఆజ్ఞలు ఇంకా రాలేదు, అవి 20వ అధ్యాయంలో. నేను ఇన్నాళ్లూ ఈ వరసని తిప్పి చదివాను.

ఇంకో విషయం. ఈ సబ్జెక్ట్ మీద ఈమధ్య వినే ప్రసంగాలు కొన్ని నాకు పడవు. నువ్వు అంత విలువైనవాడివి కాబట్టే దేవుడు అంత ధర పెట్టాడు అంటారు, వినడానికి బాగానే ఉంటుంది, చప్పట్లు కూడా పడతాయి. కానీ రోమా 5:8 అలా అనట్లేదు కదా, "మనమింకను పాపులమై యుండగానే" అంటుంది. పేతురు కూడా వెండి బంగారాలతో కాదు అమూల్యమైన రక్తంతో విమోచింపబడ్డారు అన్నప్పుడు, అమూల్యం అన్న మాట రక్తానికి తగిలించాడు, మనకి కాదు. ధర ఆయన పెట్టాడు కాబట్టి విలువ వచ్చింది. ఇది తేడా లేని తేడాలా కనిపిస్తుంది గానీ, గొంతు పోయిన మనిషికి చాలా పెద్ద తేడా. నాలో ఉన్న విలువని చూసి కొన్నాడంటే, ఆ ఉన్నది పోతే ఏంటి పరిస్థితి? ఏమీ లేనప్పుడే కొన్నాడంటే ఇక పోవడానికి ఏముంది.

పిచ్చుకల మాట కూడా ఇలాగే తప్పుగా చదివేదాన్ని. మత్తయి 10లో రెండు పిచ్చుకలు ఒక కాసుకి, లూకా 12లో ఐదు పిచ్చుకలు రెండు కాసులకి. లెక్క వేస్తే రెండు కాసులకి నాలుగే రావాలి, ఐదోది ఊరికే వచ్చింది. కాసు అంటే రోమా దేనారంలో 16వ వంతు, దేనారం ఒక కూలివాడి రోజు కూలి. ఆ ఐదో పిచ్చుకకి ఆ మాత్రం ధర కూడా లేదు, కొసరు. యేసు మాత్రం వాటిలో ఒకటైనా దేవుని యెదుట మరువబడదు అన్నాడు. ఈ కొసరు పిచ్చుక మాట ముందే ప్రసంగాల్లో విన్నాను. నేను చూసుకోనిది ఇంకోటి, మత్తయిలో పిచ్చుక పడదు అని లేదు. తండ్రి సెలవు లేకుండా పడదు అని ఉంది. అంటే పడుతుంది. శిష్యుల్ని హింసల్లోకి పంపుతూ చెప్పిన మాట అది. విలువైనవాళ్లకి ఏమీ జరగదని ఆయన ఎప్పుడూ చెప్పలేదు, మనమే కలుపుకున్నాం. ఇది రాసుకున్న రోజు, గొంతు బాగుచెయ్ అని అడగడం మానేయలేదు గానీ, బాగుచెయ్యకపోతే నన్ను మర్చిపోయినట్టే అన్న తోక మాత్రం తెగిపోయింది.

యెషయా 43:4లో "ప్రియుడవు" అన్నచోట హీబ్రూలో ఉన్న మాటకి సంబంధించిన మాటే కీర్తన 116:15లో ఉంది, "యెహోవా భక్తుల మరణము ఆయన దృష్టికి విలువ గలది". ఈ వచనం మనకి సమాధి కార్యక్రమాల్లోనే వినబడుతుంది. చనిపోతున్న మనిషి ఏం పరిచర్య చేస్తాడు? మంచం మీద ఉన్నాడు, నోరు లేవదు, చెయ్యి లేవదు. ఆ టైంలో కూడా ఆయన దృష్టికి విలువ. నోట్‌బుక్‌లో ఆ వచనం కింద నేను ఏమీ రాయలేదు, గీత ఒకటి గీసి ఉంది.

ఇంతవరకు బాగానే ఉంది, నా గురించి నాకు ఓదార్పు దొరికింది. కష్టం ఆ తర్వాత మొదలైంది. నిర్గమ 28లో ప్రధానయాజకుడి పతకం గురించి చదువుతున్నాను, మామూలుగా అయితే ఆ కొలతలన్నీ దాటేసే అధ్యాయం. జానెడు పొడవు, జానెడు వెడల్పు, నాలుగు వరసలు, వరసకి మూడు రాళ్లు, మొత్తం 12. ఒక్కో రాయి మీద ఒక్కో గోత్రం పేరు, సిరాతో రాయడం కాదు, ముద్ర చెక్కినట్టు చెక్కాలి. ప్రధానయాజకుడైన అహరోను పరిశుద్ధస్థలంలోకి వెళ్లేటప్పుడు ఆ పేర్లు గుండె మీద మోసుకెళ్లాలి, 29వ వచనం. రూబేను పేరు కూడా అందులో ఉంది, వాడు చేసింది ఆదికాండం 35:22లో ఉంది, రాయడం నాకిష్టం లేదు. షిమ్యోను పేరూ ఉంది, వాడిదీ మంచి చరిత్రేమీ కాదు. ఎవరి రాయీ పీకేయలేదు.

నా పేరు కూడా అలా ఎక్కడో చెక్కి ఉంది అనుకుని సంతోషపడబోతూ, నా పక్క రాయి ఎవరిది అనిపించింది. అనిపించగానే ఆ అమ్మాయి మొహం కనిపించింది. మైక్ దగ్గర ఉన్న పిల్ల. జానెడు పతకంలో రాళ్లు ఎంత దగ్గరగా ఉంటాయో ఆలోచించండి. ఆరు నెలలుగా నేను ఆ పిల్లకి వందనాలు కూడా సరిగ్గా చెప్పలేదు. గొంతు నొప్పి అని తప్పించుకునేదాన్ని, మంచి సాకు దొరికింది కదా.

లూకా 15లో తప్పిపోయిన తమ్ముడు తిరిగొస్తే విందు చేశారని అలిగిన పెద్దకొడుకు నేనే అని అప్పుడు ఒప్పుకున్నాను. వాడి మాట చూడండి, "ఇన్ని యేండ్లనుండి నిన్ను సేవించుచున్నానే". సేవ లెక్క చెప్తున్నాడు, సంవత్సరాలతో సహా. నేను ఈ వ్యాసం మొదట్లో 21 ఏళ్లు అని మొదలుపెట్టినట్టే. తండ్రి ఆ లెక్కని ఒప్పుకోలేదు, కాదనలేదు కూడా, అసలు దాని జోలికే పోలేదు. కుమారుడా, నువ్వెప్పుడూ నాతోనే ఉన్నావు, నావన్నీ నీవి అన్నాడు. వాడు పొలంలో చేసిన పని గురించి ఒక్క మాట లేదు.

ఆ వారం ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టాను, రెండో చరణంలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చెప్తాను రమ్మని. నిజానికి ఆ పిల్లకి అవసరం లేదు, నాకే ఇంకో మాట దొరకలేదు. వచ్చింది. నోట్‌బుక్ ముందువైపు ఆ పేజీలు ఇప్పటికీ ఉన్నాయి, నేను ఎక్కువ మాట్లాడకూడదు కాబట్టి సగం రాసి చూపించాను, "ఇక్కడ కాదు, దీనికి ముందు మాట దగ్గర", "భుజాలు ఎత్తకు". మధ్యలో ఆ పిల్ల, "అక్కా, మీరు వెనక కూర్చుంటే నాకు చాలా భయం, తప్పు వెతుకుతున్నారేమో అని" అంది. నేను పెన్ను పట్టుకుని ఏం రాయాలో తెలీక, "వెతికాను" అని రాశాను. చదివి నవ్వింది. తర్వాత ఇద్దరం కాస్త ఏడ్చాం, అది ఎలా మొదలైందో గుర్తులేదు.

ఇప్పుడు ఏడాది దాటింది. మైక్ దగ్గరికి వెళ్లడం లేదు. అంతా సర్దుకుందని చెప్పలేను, కొన్ని పాటలు మొదలైనప్పుడు గొంతులో ఏదో కదులుతుంది, అవి వచ్చే ఆదివారం ఇప్పటికీ కష్టమే.

పోయిన నెల ప్రార్థన కూటంలో పాస్టర్‌గారు ముగింపు ప్రార్థన నన్ను చేయమన్నారు. ఆపరేషన్ తర్వాత అందరి ముందు నోరు తెరవడం అదే మొదటిసారి. బొంగురు గొంతుతో స్తోత్రం చెప్పి, అలవాటు కొద్దీ "ప్రభువా, మమ్మల్ని వాడు..." అని ఆగిపోయాను. మిగతా మాట రాలేదు. గొంతు వల్ల కాదు. కళ్లు మూసుకుని అలాగే నిలబడ్డాను, ఎంతసేపో తెలీదు, లోపల ఏ మాటా తిరగట్లేదు, కానీ ఖాళీగా కూడా లేదు. వెనకనుంచి ఎవరో పెద్దాయన ప్రార్థన అయిపోయిందనుకుని గట్టిగా ఆమెన్ అన్నారు. అందరూ ఆమెన్ అనేసి లేచి చాపలు చుట్టడం మొదలుపెట్టారు.